గొంగళిపురుగుకి బిర్యానీ

నిన్న బిర్యానీకి రాతిపువ్వు కడుగుతుంటే, ఆ తడి బెరడు వాసనకి అమెరికాలో మా ఆష్‌బర్న్ ఇంట్లో నేను పెంచిన గొంగళిపురుగు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అది చెట్టు బెరడు మీది బూడిదరంగు పొరని కొరుక్కు తింటుంటే, కొమ్మతో సహా తెచ్చి సీసాలో పెట్టాను. రెక్కలొచ్చి సీతాకోకచిలుకలాంటి మాత్ అవుతుందని టీచర్ చెప్పింది. కానీ నాలుగు రోజులకే కొమ్మ నున్నగా అయిపోయింది. ఇక అది ఆకలితో చచ్చిపోతుందని నా బెంగ.

ఆ శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు బిర్యానీ తింటూ, అచ్చం ఆ పొరలాగే ఉన్న రాతిపువ్వుని పళ్లెం అంచుకి నెట్టేస్తున్నారు. నేను గిన్నె పట్టుకుని బయల్దేరాను.

"అంకుల్, అది మీకు వద్దా?"

"వద్దు తల్లీ. ఎందుకు?"

"నా క్యాటర్‌పిల్లర్‌కి. సేమ్ ఫుడ్. చెట్టు మీద అదే తింటది."

అందరూ నమలడం ఆపేశారు. ఒక ఆంటీ స్పూన్ మెల్లగా కింద పెట్టింది. అమ్మ నవ్వుతూనే నన్ను చూసింది కానీ, కళ్లు మాత్రం నవ్వలేదు.

తెల్లారి చూస్తే పురుగు నేను వేసిన బిర్యానీ రాతిపువ్వు ముక్కలకి దూరంగా, సీసా మూతని కరుచుకుని ఉంది. అమ్మ వచ్చి, వంగి చూసింది. మసాలా డబ్బాలోంచి కొత్త రాతిపువ్వు తీసి, కడిగి లోపల వేసింది.

"దీనికీ నీలాగే కారం పడదేమోలే," అంది.