మధ్యాహ్నం పరీక్షలో నెగ్గిన రౌటర్

పుదుచ్చేరిలో చాలా దుకాణాలు ఒంటిగంటకు షట్టరు దించి నాలుగింటికి ఎత్తుతాయి. నాది కళ్లజోళ్ల దుకాణం. ఊరికి చూపు అమ్ముకునేవాణ్ణైనా, ఆ వేళకు కళ్లు మూసుకోవడం నాకూ తప్పని మర్యాద. యానాం నుంచి వచ్చిన కొత్తలో, పట్టపగలు పడుకునే ఊళ్లో వ్యాపారం ఏం సాగుతుందని వెటకారం చేశాను. ఇప్పుడు ఎవరైనా రెండింటికి ఫోన్ చేస్తే వాళ్ల పెంపకం మీదే అనుమానం వస్తుంది.

అంతటి కునుకును కొన్ని వారాలపాటు ఒక రౌటర్‌కు ధారపోశాను. కారణం మా ఆవిడ ఉద్యోగం.

తను యానాంలో పంతులమ్మగా చేసేది. నా దుకాణం కోసం ఆ ఉద్యోగం వదిలి పుదుచ్చేరిలోని ముదలియార్‌పేటకు వచ్చింది. ఇక్కడ కూరగాయల బండి దగ్గర, బస్సులో, పక్కింటి గోడ మీదుగా తమిళం నేర్చుకుంది. నేను ఇన్నేళ్లుగా "పవర్ ఎంత, ఫ్రేమ్ ఏది" దగ్గరే ఆగిపోతే, తను తమిళంలో పోట్లాడే స్థాయికి వెళ్లింది. ఆ తమిళం చూసి చెన్నైలోని ఒక ఆస్పత్రివాళ్లు పిలిచారు. ఆంధ్ర నుంచి వీడియోలో చూపించుకునే రోగులు తెలుగులో చెబుతారు, డాక్టరు తమిళంలో అడుగుతాడు. మధ్యలో మా ఆవిడ ఇంట్లోంచే అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయాలి. నెల రోజులు చూస్తామనీ, మాట తెగితే మాత్రం కుదరదనీ చెప్పారు.

మొదటి వారమే మాట తెగింది. ఒక పెద్దాయనను నొప్పి ఎన్నాళ్లుగా ఉందని అడిగితే "మూడు..." అన్నంతవరకే వినబడింది. రోజులా, నెలలా, ఏళ్లా? మళ్లీ అడిగింది. మళ్లీ "మూడు..." దగ్గరే గొంతు గరగరమంది. ఇంకోసారి అడిగేసరికి లైన్ బాగుపడి, "మూడుసార్లు చెప్పించుకున్నావమ్మా!" అన్న తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చింది. దాన్ని తమిళంలోకి మార్చాలా వద్దా అని తను కాసేపు తటపటాయించిందట.

లైన్ ఎందుకు తెగుతోందో కనిపెట్టడానికి తెలివితేటలు అక్కర్లేదు, మెట్లు దిగితే చాలు. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉంటుంది. తరతరాలుగా ఈ ప్రాంతంలో సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. నేను మొదటిసారి "మామ్మగారూ" అంటే, "మామ్మ యాడిది నాయనా, అవ్వా అను" అని నా గోదావరి మర్యాదను గుమ్మంలోనే దించేసింది. ఆమెకు ఊరి బయట బాహూరులో వరిపొలం ఉంది. పొలానికి నాలుగు మూలలా కెమెరాలు పెట్టించి, ముందుగదిలోని పెద్ద టీవీలో నాలుగింటినీ ఒకేసారి చూస్తూ ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లు సీరియళ్లు చూస్తే అవ్వ వరి చూస్తుంది. కథ నెమ్మదే గాని ఎదుగుదల ఖాయం. రెండు వాటాలకూ ఒకటే ఇంటర్నెట్. ఆ నాలుగు బొమ్మలూ, ఇంట్లో తలా ఒక ఫోనూ లైన్‌ను నింపేస్తే మా ఆవిడ మాటకు చోటు దొరకడం లేదు.

"అవ్వా, పొద్దున కాసేపు టీవీ ఆపుతారా?" అని అడిగాను.

"నిలిపేస్తా నాయనా, దానికేంది? పొలంలో మాడు దిగితే నువ్వు పోయి తోలుతావా?"

మాడు అంటే ఇక్కడ పశువు. కళ్లజోడు పెట్టుకుని బాహూరులో ఎద్దుతో వాదిస్తున్న నన్ను నేను ఊహించుకుని మెట్లెక్కేశాను.

అప్పుడు నాకు కస్టమ్ ఫర్మ్‌వేర్ గురించి తెలిసింది. రౌటర్‌లో కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎక్కడెక్కడి ఔత్సాహికులో కలిసి రాసిన దాన్ని ఎక్కించుకోవడమన్నమాట. అందులో ఒక సదుపాయం ఉంది. అది ఇంట్లోని డేటా అంతటినీ వరుసలో నిలబెట్టి, బరువైన బొమ్మలను కాస్త ఆగమని, తేలికైన మాటలను ముందు పంపిస్తుంది. పెళ్లిళ్లలో వరుసలు కలపడమే తప్ప, వరుసలో నిలబెట్టడం చేతగాని వంశం మాది. ఇదేదో దైవప్రసాదంలా తోచింది.

పాత రౌటర్‌కు అది ఎక్కదు. కొత్తది కొన్నాను. ఎలా ఎంచుకున్నానంటే, ఆ ఫర్మ్‌వేర్ ఎక్కే రౌటర్లలో దేనికి ఎక్కువ యాంటెన్నాలున్నాయో చూశాను. కొమ్ములు తిరిగిన రౌటరే దొరికింది. అవ్వ దాన్ని చూడడానికే పైకి వచ్చింది.

"ఏంది నాయనా ఇది, బోర్లా పడిన నండు మాదిరి కాళ్లు ఎత్తుకోనుండాదే?" అంది. నండంటే పీత. ఆ తర్వాత దాన్ని మా ఇంట్లో ఎవరూ రౌటర్ అనలేదు.

ఫర్మ్‌వేర్ ఎక్కించి, వరుస పద్ధతి ఆన్ చేసి, ప్రతి మధ్యాహ్నమూ భోజనం కాగానే పరీక్ష పెట్టేవాణ్ణి. ఆ పద్ధతి ఆన్ చేస్తే వేగం మూడో వంతుకు పడిపోయేది. అయితే ఏం, మాటకు అంతకంటే ఎక్కువెందుకు అనుకున్నాను. మా ఆవిడ ల్యాప్‌టాప్ నుంచి నా ఫోన్‌కు వీడియో కాల్ చేసి, ఈ గదిలోంచి ఆ గదిలోకి "వినపడుతోందా?" అని అడిగేవాణ్ణి. వంటింట్లోంచి "ఫోన్ లేకుండా కూడా వినపడుతోందండీ" అనేది. పీతకు నూటికి నూరు వేసి నిద్రపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున మళ్లీ మాట తెగేది.

"నిన్న బాగానే ఉంది కదా!"

"నిన్నంటే నిన్న మధ్యాహ్నమాండీ?"

"ఆయ్."

"ఆయ్ కాదు. మీరు ఇంటికొచ్చేసరికి అవ్వ టీవీ కట్టేసి పడుకుంటుంది. కిందవాళ్లంతా ఫోన్లు పక్కన పడేసి పడుకుంటారు. ఊరే పడుకుంటుంది. ఖాళీ రోడ్డు మీద బండి తోలి ట్రాఫిక్ లేదని సంబరపడుతున్నారు. నా కాల్స్ పదకొండింటికండీ."

మూడు వారాలు గడిచాయి. ఆస్పత్రివాళ్లు ఆఖరి శనివారం కాల్స్‌లో తమ మనిషి కూర్చుని వింటారని చెప్పారు. ఇంతకాలం లైన్ తెగిన సంగతి తను మామూలుగానే చెప్పేది. ఆ రోజు మాత్రం చెప్పేసి పప్పులో గరిటె తిప్పుతూనే ఉండిపోయింది. పప్పు ఎప్పుడో ఉడికింది.

మర్నాడు పొద్దున్నే షట్టరు దించాను. పదకొండింటికి దుకాణం మూసి ఉండడం చూసి పక్క కొట్టాయన నాకేదో అయిందని భయపడి ఫోన్ చేశాడు. ఇంట్లో పీత లోపలి పేజీ తెరిచి కూర్చున్నాను. కింద టీవీలో అవ్వ పొలం వెలిగింది, పైన మా ఆవిడ కాల్ మొదలైంది. అంతే, తెర మీద ప్రాసెసర్ భారం చూపే గీత నిట్టనిలువుగా లేచి దిగడం మానేసింది. పీతకు కాళ్లే గాని తలకాయ లేదు. వరుసలో నిలబెట్టడమంటే వచ్చిన ప్రతి ముక్కనూ చూసి, ఎవరు ముందో ఎవరు వెనకో అప్పటికప్పుడు తేల్చడం. దానికి కావలసింది లోపలి మెదడు వేగం. నేను చూసి కొన్నది గాల్లోకి వైఫై విసిరే కొమ్ములు. ఫ్రేమ్ చూసి అద్దాలు కొనకండని రోజూ జనానికి చెప్పేది నేనే.

ఈసారి పెట్టెల బొమ్మలు చూడలేదు. అదే ఫర్మ్‌వేర్ వాడేవాళ్ల చర్చలు చదివాను. వరుస పద్ధతి ఆన్ చేశాక ఏ ప్రాసెసర్ మా లైన్ పూర్తి వేగాన్ని మోయగలదు, ఇంకా ఊపిరి మిగులుతుందా అన్నదొక్కటే వెతికాను. దొరికింది. బయటికి ఒక్క కొమ్మూ లేని బూడిదరంగు పెట్టె. టిఫిన్ డబ్బా అనుకుని ఎవరైనా మూత తీయబోతారు. అందులోనూ మెలిక ఉంది. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. లోపలి సరుకు వేరు, ఒకదానికే ఫర్మ్‌వేర్ ఎక్కుతుంది. తేడా తెలిసేది అట్టపెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో. మా దుకాణం భూతద్దం పట్టుకెళ్లి అంగట్లో పెట్టె తిరగేసి చదువుతుంటే, "సార్, రౌటర్‌కి కూడా పవర్ చూస్తున్నారా?" అని అంగడాయన తమిళంలో అడిగాడు.

"చూస్తున్నా," అన్నాను. ఆ పాటి తమిళం నాకూ వచ్చు.

డబ్బాకు ఫర్మ్‌వేర్ ఎక్కించి పీత స్థానంలో కూర్చోబెట్టి, శనివారం పొద్దున మళ్లీ షట్టరు దించాను. తను గది తలుపేసుకుంది. నేను కిందికెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాను. టీవీలో నాలుగు మూలలా వరి నిండుగా ఉంది.

"అంగడి తెరవలేదేంది?"

"పొలం చూద్దామని వచ్చానవ్వా."

"చూడు, చూడు. సుమ్మా చూసేదానికి దుడ్డేం అడగను." సుమ్మా అంటే ఊరికే.

పై గదిలోంచి మా ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. తెలుగు, కాసేపు నిశ్శబ్దం, తమిళం, మళ్లీ తెలుగు. ప్రతి నిశ్శబ్దానికీ నా చూపు పైకప్పుకు పోయేది. అది తెగిన మాట కాదు, అటువైపు మనిషి చెబుతుంటే తను వింటోందని తెలుసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒకసారి నవ్వు కూడా వినబడింది. రోగి నవ్వించాడో డాక్టరు నవ్వించాడో గాని, రెండు భాషల్లో నవ్వక్కర్లేదు కదా, ఒకసారితో సరిపోయింది.

సాయంత్రం దుకాణానికి మా ఆవిడ ఫోన్ చేసింది. "ఉద్యోగం ఇచ్చేశారండీ!" అంది. తర్వాత కాస్త నసిగింది. "పొద్దుటి వేళకు మనుషులు నిండుగా ఉన్నారంట. మధ్యాహ్నం చేయమంటే మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదంట. నేను చేస్తానన్నాను."

"మధ్యాహ్నమంటే?"

"ఒంటిగంట నుంచి నాలుగు."

అవ్వ టీవీ కట్టేసే వేళ. ఇల్లూ వీధీ ఊరూ కళ్లు మూసుకునే వేళ. పీత నూటికి నూరు తెచ్చుకున్న వేళ.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నాలు డాక్టర్లవి. నా గురక మూడో భాషగా కాల్‌లో దూరుతోందని మా ఆవిడ నన్ను దుకాణంలోనే ఉండమంది. షట్టరు దించుకుని, కళ్లు పరీక్షించే కుర్చీలో వెనక్కి వాలి, ఎదుటి గోడ మీది అక్షరాలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి చదువుకుంటూ పోతాను. ఆఖరి వరుస దాకా ఎప్పుడూ చేరలేదు.