ఒక్క గీత తేడా

మునిసిపాలిటీ పెయింటరుకి కాలు ఒకచోట నిలవదు. అన్నం కూడా నిలబడే తింటాడని భార్య అందరికీ చెబుతుంటుంది. పట్టణం నడిబొడ్డున చిన్న పార్కులో మూడు యుద్ధాల స్మారక స్తంభాలున్నాయి. వాటి మీద చెక్కిన పేర్లలో నల్లరంగు వెలిసిపోయినప్పుడల్లా మళ్లీ నింపడం ఇరవయ్యేళ్లుగా ఆయన పనే.

ఒక ఉదయం ఆయన పార్కు గేటుకి రంగు వేస్తుంటే, నర్సు యూనిఫాంలో ఒకావిడ చీటీ పట్టుకుని స్తంభాల చుట్టూ తిరగసాగింది. పాత యుద్ధంలో పోయిన తాతగారి పేరు కోసమట. ఆయనా బ్రష్షు పక్కనపెట్టి వెతికాడు. దొరకలేదు.

"పోనీలెండి బాబాయ్. పిల్లలం అడుగుతుంటే, పేరు ఇక్కడుందని మా నానమ్మ ఊరికే అనుంటుంది," అని చీటీ ఆయన చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది.

ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం సగంలోనే వదిలేశాడు. మళ్లీ వెళ్లి, మొదటి స్తంభం మీది పేర్లన్నీ వేలితో తడుముతూ వచ్చాడు. కింది నుంచి ఏడో పేరు దగ్గర వేలు ఆగింది. రంగు ఒక అక్షరం చూపిస్తోంది, రాతిలో గాడి ఇంకో అక్షరం చెబుతోంది, చీటీలో ఉన్న అక్షరమే. ఒక్క గీత తేడా. ఎనిమిదేళ్ల కిందట ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని సూపర్‌వైజరు నెత్తిన కూర్చుంటే, వాన తుంపరలో తను హడావిడిగా నింపిన వరుస అది.

దిద్దేసి ఊరుకోమన్నాడు సూపర్‌వైజరు, ఎవరు చూడొచ్చారని. దిద్దడం పది నిమిషాల పని. ఆవిడకి చెప్పేదెవరు? కనీసం ఏ ఆస్పత్రో కూడా అడగలేదు. సైకిలేసుకుని ఊళ్లో ఆస్పత్రులన్నీ తిరిగాడు. మూడోరోజు ఒక రక్తపరీక్షల గదిలో కనిపించింది.

"మీ నానమ్మ నిజమే చెప్పిందమ్మా. తప్పు నాది," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ఆమె ఎదురుగా ఉన్న రోగి చేతికి దూది అద్ది పంపించింది.

"నానమ్మ అబద్ధం చెప్పిందని మా నాన్నతో అనేశాను బాబాయ్. అప్పట్నుంచి నాతో మాట్లాడట్లేదు."

"రేపు ఆయన్ని తీసుకురామ్మా. ఆయన ముందే దిద్దుతాను."

మర్నాడు పెద్దాయన వచ్చాడు. మోకాళ్లు సహకరించక, కూతురి భుజం పట్టుకుని గడ్డిలో కూర్చున్నాడు. పెయింటరు పాత రంగు గీకేసి, సన్న బ్రష్షుతో ఆ గీత వేశాడు. పెద్దాయన తడి ఆరకముందే అక్షరాన్ని తాకాడు. వేలికి నలుపు అంటింది. తుడుచుకోలేదు.

"మా అమ్మ ఈ గేటు దాకా వచ్చి ఆగిపోయేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు," అన్నాడు కూతురితో. అన్ని రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

పెయింటరు వంక ఒకసారి చూసి తల ఊపాడు, అంతే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది పెయింటరుకి. ఒకటి తప్పు పడినప్పుడు, మిగతా రెండువందల పేర్ల మాటేమిటి?

ఆఫీసు నుంచి ఆ పేర్లున్న పాత రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. ఆదివారం భార్యని వెంటబెట్టుకుని పార్కుకి వెళ్లాడు. సెలవు రోజున కూడా ఈ గోలేమిటని ఆమె సణుగుతూనే స్టూలు మీద కూర్చుని, రిజిస్టరులో ఒక్కో పేరూ అక్షరం అక్షరం విడదీసి చదవసాగింది. ఆయన కళ్లు మూసుకుని రాతిని తడుముతున్నాడు.

పదకొండో పేరు దగ్గర ఆగి, "మళ్లీ చదువు," అన్నాడు.