సైరన్‌కి దించాల్సిన కైమా కజ్జికాయలు

"కజ్జికాయలో కైమా ఎట్టడమేటే? కజ్జికాయంటే కొబ్బరీ, బెల్లం. మన ఇంటా వొంటా ఎవులైనా ఇలాటి పని సేసినారా?" అంది మా అత్త.

"ఎవులూ సెయ్యనేదని నేనూ మానెయ్యాలేటి అత్తా? పావుకిలో కైమాకి బంగాళాదుంప కలిపి పిండిలో ఎట్టి కాలిస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతాది. అదే కూరొండితే మీ అబ్బాయి ఒక్కడికే సాలదు" అన్నాను నేను.

"నా కొడుకు తిండికి దిష్టెట్టకు."

"దిష్టి కాదు, లెక్క."

"లెక్కలు సెప్పడానికి నువ్వు సదివిందెంత? మూడో కలాసు."

"మూడో కలాసుకి తీసివేతలు వొచ్చేస్తాయి అత్తా."

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో మాలాంటి వాళ్ల ఇళ్లలో గడియారం ఉండేది కాదు. అవసరమూ లేదు. రైల్వే వర్క్‌షాపు సైరనే మా గడియారం. పొద్దున్న కూత వినపడితే బియ్యం కడగాలి, ఇంకో కూతకి గంజి వార్చాలి, మధ్యాహ్నం కూతకి మా ఆయన భోజనం ముగించుకుని మళ్లీ గేటు లోపల ఉండాలి. (ఆయన అక్కడ ఫిట్టరు. కూత పడేలోపు గేటు దాటకపోతే హాజరు పోతుందని, నోట్లో ముద్ద ఉండగానే సైకిలెక్కేవారు.) ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరు వంటింటికి ఇంకో చట్టం కూడా ఉండేది. పొయ్యి దగ్గరి పట్టకారు ఎవరి చేతిలో ఉంటే వంట వాళ్లది. ఆ పట్టకారు మా అత్త మంచం పక్క మేకుకి వేలాడేది. నేను కాపురానికొచ్చి ఏడాది దాటినా నా వంతు మసాలా నూరడం, గిన్నెలు తోమడమే. అందుకే ఆ వేళ అంత నోరు చేశాను. చివరికి అత్త తీర్పు చెప్పింది. "ఆదివారం సెయ్యి సూద్దాం. బాగుంటే ఆదివారం పొయ్యి నీది. పాడయిందా, నా పానం ఉన్నన్నాళ్లూ పట్టకారు ముట్టుకోకు."

ఈ విద్య నాకు నేర్పింది పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో-ఇండియన్ ఆవిడ. ఎప్పుడూ గౌనులోనే ఉండేది కాబట్టి మాకు గౌను ఆంటీ. మైదాలో చల్లటి వనస్పతి వేసి వేళ్లతో నలపాలి, చన్నీళ్లు చిలకరించి ముద్ద చెయ్యాలి, ఎక్కువ మర్దించకూడదు. పూరీలా ఒత్తి, మధ్యలో వేయించి చల్లార్చిన కైమా పెట్టి, మడిచి, అంచు నొక్కాలి. అంచు అల్లడం నాకు ఒకరు నేర్పాలా? అది కజ్జికాయే. ఓవెను లేదంటే మా ఆయన ఖాళీ ఆవనూనె డబ్బా ఒకటి కోసి, లోపల జల్లెడ బిగించి, పైకి మూత చేసి ఇచ్చారు. కింద కుంపటి, మూత మీద నాలుగు నిప్పులు. "మూత బీచ్ మే నహీ ఖోల్నా. ఖోలేగా తో సబ్ బైఠ్ జాయేగా" అని, మధ్యలో మూత తీస్తే అన్నీ అణిగిపోతాయని ఆంటీ నాచేత ఒట్టు వేయించుకుంది.

అంతా బాగానే ఉంది కానీ ఎంతసేపు కాల్చాలో ఆవిడ తన చేతి గడియారం చూసి చెప్పింది. నా చేతికి ఉన్నవి గాజులు. అందుకని వారమంతా ఒట్టి దుంపతో చేసి చూసి, నా లెక్క నేను కనిపెట్టాను. మా ఆయన మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కోగానే డబ్బాలో పెట్టడం, సైరన్ కూయగానే దించడం. ప్రతిసారీ బంగారం రంగు. అత్త రోజూ తిని, మూతి తుడుచుకుని, "దుంపే గదా, ఎవులైనా సేస్తారు" అనేది.

ఆదివారం వచ్చింది. గోల్‌బజార్‌కి మా ఆయనతో నేనూ వెళ్లి, నా కళ్ల ముందే కైమా కొట్టించాను. (కొవ్వు కలుపుతాడేమోనని కత్తి మీంచి చూపు తిప్పలేదు. "దీదీ, నజర్ హటావ్, హాత్ కాంపతా హై" అన్నాడు పాపం, నా చూపుకి చెయ్యి వణుకుతోందట.) ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిరపకాయ, ఉడకబెట్టిన దుంప వేసి పొడిపొడిగా వేయించాను. మధ్యాహ్నం ఒట్టి పప్పుతో కానిచ్చి అందరం పొట్టలో చోటు ఉంచుకున్నాం. మా ఆయన చెయ్యి కడుక్కున్నారు. నేను డబ్బాలో పెట్టాను. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

మొదట వనస్పతి వాసన వచ్చింది. తరవాత కైమా వాసన వచ్చింది. మా ఆయన బాసింపట్టు సరిచేసుకుని ఇంకొంచెం దగ్గరికి జరిగారు. ఆ తరవాత ఇంకో వాసన మొదలైంది.

"ఏటే, మాడతన్నట్టుంది" అంది అత్త.

"కూత పడనేదు గదా అత్తా."

"అదీ నిజిమే" అంది అత్త. ఆవిడా కూతల మీద కాపురం చేసిన మనిషే మరి.

మూత సందుల్లోంచి పొగ వచ్చింది. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ, "ఇయ్యాల ఇంత లేటేటి? ఆ సైరన్ కొట్టేవోడు తొంగున్నాడేటి? రేపు ఎల్లి అడుగుతాను" అన్నారు. డ్యూటీకి వెళ్లవలసిన మనిషి బనియనుతో నా పక్కనే ఎందుకు కూర్చున్నాడో నేనూ అడగలేదు, ఆయనకీ తట్టలేదు.

పొగ పక్క క్వార్టరుకి చేరినట్టుంది, గౌను ఆంటీ పరిగెత్తుకొచ్చింది. చర్చికి వేసుకెళ్లిన పువ్వుల గౌను, నెత్తిన టోపీ ఇంకా అలాగే ఉన్నాయి. "క్యా జలా రహా హై తుమ్ లోగ్?"

"ఏమీ కాదు ఆంటీ, సైరన్ కోసం చూస్తన్నాం" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, అత్తను చూసింది, వర్క్‌షాపు ఫిట్టరుగారిని చాలాసేపు చూసింది. "అరే బాబా," అంది మెల్లగా, "ఆజ్ తో సండే హై."

మా ఆయన మూత తీశారు. లోపల చంద్రవంకల్లా వరసగా బొగ్గులు. ఒకటి తీసి గచ్చు మీద కొడితే ఠంగుమంది. ముందు అత్తకే నవ్వొచ్చింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఆవిణ్ణి చూసి ఆంటీ, ఆంటీ టోపీ ఊగడం చూసి నేను, గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాం. ఫిట్టరుగారు మాత్రం లోపల్నించి సుత్తి పట్టుకొచ్చి ఒకదాన్ని జాగ్రత్తగా పగలగొట్టారు. నల్లటి డొల్లలోంచి ఆవిరి లేచింది. కైమా మెత్తగా, తడిగా, ఏ దోషమూ లేకుండా ఉంది. అత్త వేలితో తీసి నాలిక్కి రాసుకుని, వెళ్లి మిగిలిన అన్నం గిన్నె తెచ్చింది. ఆయన పగలగొట్టడం, మేం తవ్వుకుని కలుపుకోవడం. ఆంటీ కూడా గౌను మడుచుకుని నేల మీదే కూర్చుంది.

"ఇంతకీ బాగున్నట్టా, పాడయినట్టా అమ్మా?" అని మా ఆయన అడిగారు. నా చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"రేపు సెప్తాను" అంది అత్త. ఆ డొల్లలన్నీ ఏరి ఒక డబ్బాలో దాచింది.

ఇప్పుడు మా మనవరాలు కరెంటు ఓవెనులో ఇవే చేస్తుంది. మధ్యలో లైటు వేసి చూడొచ్చట, అయిపోతే అదే టింగుమంటుందట. కరెంటు దండగ అని నేను ముఖం గంటు పెట్టుకుని పక్కనే కూర్చుంటాను. ఈ ముసిల్ది నవ్వదని ఇంట్లో అనుకుంటారు. ఆ టింగ్ వినపడ్డప్పుడు మాత్రం పెరట్లోకి వెళ్లి, నవ్వేసుకుని, ముఖం సరిచేసుకుని వస్తాను.

ఆ ఆదివారానికి మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అత్త ఆ మాడిన డొల్లల్ని ఉప్పు వేసి రోట్లో మెత్తగా దంచి పళ్లపొడి చేసేసింది. కుళాయి దగ్గర నల్లటి పళ్లతో నిలబడి తోముకుంటోంది. అంతలో సైరన్ కూసింది. ఆవిడ పుక్కిలించి ఉమ్మి, లోపలికి వెళ్లి, మేకుకున్న పట్టకారు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కూతేసింది. ఎల్లి దింపు."

పొయ్యి మీద టీ గిన్నె ఒక్కటే ఉంది. వెళ్లి దించాను.