గోడ వెనక గాజుకండ్లోడు

తలకు పెట్టుకున్న టోపీదీపం మీద ఒట్టు, మా ఇంటామె పోసే జొన్నగటుక మీద ఒట్టు, ఇక్కడ రాస్తున్న ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే పుస్తకం మూసి నవ్వుకుంటారని తెలుసు. వాళ్ల తప్పు లేదు. పులి ఒకటి మా గనిలోకి దిగిందనీ, బొగ్గు టబ్బులను లాగే ఇనుపతాడు పట్టుకుని మళ్లీ పైకెక్కిందనీ ఏళ్లతరబడి చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. కానీ ఇది పులి సంగతి కాదు. ఇది నా కడుపుమంట సంగతి. కడుపుమంటను ఎవరూ కల్పించుకోరు, దానంతట అదే వస్తుంది.

ఎనభైల చివర్లో మేము నస్పూర్ పక్క గనికార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. ఆదివారం బాయి బంద్, దానికి ప్లేడే అని పేరు. అయితే ఆ రోజు కూడా నీళ్లు తోడే పంపులు ఆగకూడదు, పట్టాలు సరిచేసుకోవాలి. అందుకని కొందరు దిగుతారు, వాళ్లకు రెట్టింపు కూలి. ప్లేడే డ్యూటీ ఇప్పించమని జనం మా లైన్లోనే ఉండే ముసలి సర్దార్ చుట్టూ తిరిగేవారు. బాయిలో మా జట్టుకు పెద్ద ఆయనే. మా లైనుకంతటికీ ఉన్న ఒక్క టీవీ కూడా ఆయన ఇంట్లోనే ఉండేది.

సరిగ్గా ఆ ప్లేడే పొద్దున్నే టీవీలో ఆ సీరియల్ వచ్చేది. భూమి పోగొట్టుకున్న మనుషులు కొందరు ఒక ఓడలో చుక్కల మధ్య తిరుగుతుంటారు. వాళ్ల వెంట గాజుకళ్ల దుర్మార్గుడొకడు పడతాడు. వాడికి సీరియల్లో ఏదో హిందీ పేరుండేది కానీ మాకు గాజుకండ్లోడే. నీళ్లలో మునిగి చచ్చాడు, మళ్లీ వచ్చాడు. మంచులో గడ్డకట్టాడు, మళ్లీ వచ్చాడు. కొండ మీద పడితే నుజ్జయ్యాడు, ఒక కన్ను పగిలి మళ్లీ వచ్చాడు. మా పెద్దోడు ఒకటో తరగతిలో చేరినప్పుడు మొదలైన సీరియల్ వాడికి మీసాలు మొలిచేదాకా నడిచింది. ఇందులో మీసాల వరకు కొంచెం ఎక్కువ చెప్పానేమో.

రెట్టింపు కూలికి దిగినవాళ్లకు ఆ వారం ముచ్చట పోయేది. మిగిలినవాళ్లకు కూడా హిందీ సగమే అర్థమయ్యేది. నేను చిన్నప్పుడు కరీంనగర్ బస్టాండులో చాయ్ హోటల్లో పనిచేసినవాణ్ణి, ఆ భాష నాకు మంచినీళ్లప్రాయం. అందుకే సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లు స్నానాలు చేసి వచ్చేసరికి నేను తయారుగా ఉండేవాణ్ణి. లైను చివర పనికిరాని బొగ్గు టబ్బు ఒకటి బోర్లా పడి ఉండేది. చెప్పేవాడు దాని మీద, వినేవాళ్లు కింద. ఆ టబ్బు నాది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం కలపకుండా నేను చెప్పింది ఆ ముచ్చట ఒక్కటే. ఎవరు ఏ అంగీ వేసుకున్నదీ, ఓడ ఏ పక్కకు తిరిగిందీ అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. దానికోసం ఒక్క ప్లేడే డ్యూటీకి కూడా పోలేదు. అందరి మొగోళ్లు రెట్టింపు కూలి తెస్తుంటే నువ్వు గాజుకండ్లోని ముచ్చట తెస్తవని మా ఇంటామె సణిగేది. ఆ టబ్బు దగ్గరికి ఆమె ఏనాడూ రాలేదు. నీ కథలు నాకెరుకే అనేది.

అట్లాంటి రోజుల్లో ఆదిలాబాదాయన బదిలీ మీద మా బాయికొచ్చాడు. వాళ్ల బాపు అక్కడి జిన్నింగ్ మిల్లులో పత్తి తూకం వేసేవాడట. మనిషి కూడా పత్తికాయ పగిలినట్టు తెల్లగా నవ్వేవాడు. పంపు నడిపే పని, ప్రతి ప్లేడేకూ కిందే ఉండేవాడు. కొత్త శ్రోత దొరికాడని మొదట్లో నేనే సంబరపడ్డాను. నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోరు తెరుచుకుని వినేవాడు.

ఒక ఆదివారం నేను పెద్దపల్లిలో పెండ్లికి పోయి సాయంత్రం దాటాక దిగాను. చూస్తే టబ్బు మీద అతనున్నాడు.

"ఐకా భావూ, ఐకా" అని, ఆనాటినుంచి ప్రతి ఆదివారం టబ్బెక్కి మొదలుపెట్టేవాడు. వినండన్నా అని మరాఠీలో. పైకి రాగానే వాళ్ల ఇంటామెను, చచ్చిందెవరు, మిగిలిందెవరు అని రెండే మాటలు అడిగేవాడు. ఆ రెండు కొసలు పట్టుకుని మధ్యదంతా తనే అల్లేవాడు. అతని చెప్పుడులో ఓడకు కూడా మా బాయిలాగే గాలి కొట్టే ఫ్యాను, దీపాల గది ఉండేవి. గాజుకండ్లోడు నడిచొస్తుంటే పైకప్పు నుంచి చిన్న చిన్న రాళ్లు రాలేవి. రాళ్లు రాలడమంటే ఏమిటో మా లైన్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

పొద్దున సీరియల్ కళ్లారా చూసినవాళ్లు కూడా అతని ముందు కూర్చున్నారు. నాకు అదే తట్టుకోలేనిదయింది. చివరికొకనాడు లేచి, ఇదేదీ జరగలేదు, ఓడలో అసలు ఫ్యానే లేదు, నేను చూశానని చెప్పాను.

సర్దార్ నోట్లో బీడీ తీయకుండానే అన్నాడు. "మేం గుడ సూసినం తియ్యి తమ్మీ. గీయన చెప్పేదే ఇంక సూడలే."

ఆ మరుసటి వారం మా ఇంటామె బియ్యం చాట చంకన పెట్టుకుని టబ్బు దగ్గరికి బయల్దేరింది. ఇన్నేళ్లలో మొదటిసారి. పోయి ముందు వరసలో కూర్చుంది. బియ్యం ఏరుతూ వింటుందట. చేతులు చాటలోనే ఉన్నాయి గానీ కళ్లు టబ్బు మీదున్నాయి. ఆ రాత్రి అన్నం తింటుంటే నాకు పంటికింద రాయి తగిలింది. కొంచెంసేపటికి ఇంకొకటి. ఎప్పుడూ ఇట్లా కాలేదే అన్నాను.

"జర సూసుకొని తిను భావూ" అంది. ఆ పిలుపు అతనిది. ఆ రాయిని నేను ఉమ్మేయలేదు, నమిలేశాను.

అప్పటినుంచి నాకు నెత్తురు మరగడమే పని. అతను నవ్వితే మంట, దగ్గితే మంట. అతని అంగీ తీగమీద ఆరుతుంటే, నా అంగీ కన్నా త్వరగా ఆరుతుందని మంట.

అట్లా ఉండగా సీరియల్లో గాజుకండ్లోణ్ణి మండుతున్న నక్షత్రంలోకి తోసేశారు. నీళ్లు కాదు, మంచు కాదు, నిప్పు. ఈసారి రాడని కొందరు, ఎట్లయినా వస్తాడని కొందరు. వారమంతా బాయిలో ఇదే మాట. ఆ ఆదివారం ప్లేడే డ్యూటీ వద్దన్నవాళ్లు కూడా ఉన్నారు. తీరా తెల్లవారుజామున గాలిదుమారం వచ్చి నస్పూర్ అంతటా కరెంటు పోయింది. సర్దార్ టీవీ నెత్తిన కొట్టాడు, పక్కన కొట్టాడు, మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చున్నాడు. మా లైన్లో ఒక్కరంటే ఒక్కరు ఆ భాగం చూడలేదు.

సాయంత్రం అందరూ టబ్బు దగ్గర చేరారు. ఆదిలాబాదాయన అప్పుడే బాయినుంచి వచ్చాడు, చెవుల్లో మసి కూడా పోలేదు. అడగడానికి వాళ్ల ఇంటామెకు కూడా ఏమీ తెలియదు. అయినా అందరి కళ్లూ అతని మీదే. మా ఇంటామె చాట ముందేసుకుని కూర్చునే ఉంది.

ఇక ఆ టబ్బు శాశ్వతంగా అతనిదైపోతుందని నాకర్థమయింది. లేచి నిలబడ్డాను. మా చెల్లె ఆదిలాబాద్‌లోనే ఉంటది, అక్కడ కరెంటు పోయి ఉండదు, పోయి అసలు ముచ్చట పట్టుకొస్తా, అప్పటిదాకా ఎవరూ ఉత్తుత్తిది చెప్పొద్దు అన్నాను.

సర్దార్ ఆలోచించాడు. "పోయి రా తమ్మీ. నువ్వచ్చేదాక టబ్బు మీద ఎవ్వరు కూసోరు."

"పో భావూ" అన్నాడతను నవ్వి. "మా ఊరే గద. పరేషాన్ గాకు."

తెల్లారి పనికి నాగా పెట్టి మంచిర్యాలలో బస్సెక్కాను. ఉట్నూరు అడవి దారిలో బస్సు ఎగిరెగిరి పడుతుంటే, ఒక్కో గుంతకూ నేను టబ్బు మీదికి ఒక్కో జానెడు జరుగుతున్నట్టుండేది. మా బావ జిన్నింగ్ మిల్లులో మెషీను దగ్గర పని. వాళ్ల లైనుకు కూడా మిల్లు సేటు వరండాలో ఒక టీవీ ఉంది. ఇల్లు చేరేసరికి చెల్లె గుమ్మంలోనే ఎదురైంది. అవ్వకెట్లుంది, పిల్లలెట్లున్నరు అని ఆమె అడుగుతుంటే, నేను గాజుకండ్లోడెట్లున్నడని అడిగాను.

"యాడిదే అన్నా. నిన్న సీరియలే రాలే. పొద్దటి సంది క్రికెటే నడిచింది."

మళ్లీ అడిగాను. బావను అడిగాను. పక్కింటివాళ్లను అడిగాను. అందరిదీ అదే మాట. ఆ వారం భాగం మాకు పోయింది కరెంటు లేక కాదు. అసలది లేనేలేదు.

ఆ సంతోషం నాకు పెండ్లినాడు కూడా లేదు. తిరుగు బస్సులో ఒక ఉపాయం పన్నాను. మొదట అతన్ని చెప్పనివ్వాలి. పూర్తిగా, తీరుబడిగా, ఒళ్లు మరిచి చెప్పనివ్వాలి. అప్పుడు లేచి, ఆ రోజు క్రికెట్ వచ్చిందని ఒక్క మాట అంటే చాలు. టబ్బు మీంచి అతనే జారి పడతాడు.

చేరిన సాయంత్రమే అందరినీ పిలిచాను. చెప్పు భావూ, ముందు నువ్వు చెప్పు, తరువాత నేను చూసొచ్చింది చెప్తా, ఎవరిది ఎంత కలిసిందో చూద్దాం అన్నాను. మా ఇంటామె నన్ను వింతగా చూసింది. అతను టబ్బెక్కాడు.

నిప్పులో పడ్డ గాజుకండ్లోడు కాలలేదట. మా సర్దార్ కర్రతో కప్పు తట్టి చూసినట్టు, వాడు నక్షత్రం గోడలు తట్టుకుంటూ పోయాడట. గట్టిగా మోగినచోట వదిలి, బోలుగా మోగినచోట తవ్వాడట. లోపల పాత సొరంగం. మంట వెంటబడి వస్తుంటే వాడు ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కట్టాడు. మా బాయిలో నిప్పంటుకుంటే చేసేది కూడా అదే. గోడకట్టి మూసేస్తే గాలందక మంట చస్తుంది. ఆ గోడ జోలికి ఇంకెవరూ పోరు. అటువైపు చూడాలన్నా మాకు భయమే.

అతను గొంతు తగ్గించాడు. ఓడలోనివాళ్లు ఆ చల్లారిన నక్షత్రం మీద దిగారు. గోడ కనిపించింది. వాళ్లలో పెద్దమనిషి కర్రతో ఒకసారి తట్టాడు.

"ఐకా" అన్నాడతను మెల్లగా. వేలితో టబ్బు అడుగున కొట్టాడు. "లోపటి నుంచి ఎవడో తట్టిండు."

సర్దార్ బీడీ వేళ్ల మధ్యే ఆరిపోయింది.

ముచ్చట అయిపోయింది. ఇక నావంతు. అందరూ నావైపు తిరిగారు. అతని బతుకు నా నాలుక మీదుంది. ఆ క్షణాన నా మనసు కరిగింది. పొరుగూరు నుంచి వచ్చినవాణ్ణి నలుగురిలో పడగొట్టడమెందుకనిపించింది. పెద్దమనసు చేసుకుని, గిట్లనే అయింది, నేను సూసిన, అని సాక్ష్యం చెప్పి కూర్చున్నాను.

తరువాతి ఆదివారం గాజుకండ్లోడు తెరమీదికొచ్చాడు. ఎట్లా బతికాడో సీరియల్‌వాళ్లు ఒక్క మాట చెప్పలేదు. మొహానికి మసి మాత్రం ఉంది. గోడ పలగ్గొట్టుకొని అచ్చిండు అనుకుంటూ జనం ఒక్కసారిగా ఊపిరి పీల్చారు.

అతను రెండు మూడేళ్లకు గోదావరి అవతలి బాయికి బదిలీ అయిపోయాడు. సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. మంచు భాగం, నీళ్ల భాగం, నేను ప్రాణం పెట్టి చెప్పినవేవీ మా లైన్లో ఎవరికీ గుర్తులేవు. గోడ భాగం మాత్రం అందరికీ గుర్తే. మొన్న మా పెద్దోడు మా ఇంటి కొత్త అల్లుడికి చెబుతున్నాడు, ఆ సీరియల్లో అసలైన భాగమంటే అదేనని, తను చిన్నప్పుడు సర్దార్ ఇంట్లో చూశానని. ఏనాడూ రాని భాగాన్ని వాడు కళ్లతో చూశాడట. నాకు మళ్లీ మంట లేచింది.

ఇప్పుడు ఒట్టు సంగతికొస్తాను. ఇందులో ఒక్కచోట కల్పించాను. నా పెద్దమనసు దగ్గర.

నేను అతన్ని ముచ్చట పూర్తిచేయనివ్వలేదు. లోపటి నుంచి తట్టిండు అనగానే లేచి అరిచాను. అబద్ధం, అంతా అబద్ధం, ఆ రోజు సీరియలే రాలేదు, క్రికెట్ వచ్చింది, మా చెల్లె చెప్పిందని. ఉపాయం ఉపాయంగానే పోయింది, ఆగలేకపోయాను.

సర్దార్ ఆరిన బీడీ వైపు చూశాడు, నావైపు చూశాడు.

"పులి తాడు పట్టుకొని ఎక్కిందన్నది నువ్వే గద తమ్మీ."

లైనంతా నవ్వింది. ఒట్టేశాను. ఇంకా నవ్వారు. జీవితంలో నేను మోసుకొచ్చిన ఒకే ఒక్క గట్టి నిజం, బస్సు కిరాయి పెట్టుకుని తెచ్చినది, ఎవరికీ అక్కర్లేకపోయింది. మా ఇంటామె మాత్రం నవ్వలేదు. నా అంగీ కొస పట్టి కిందికి గుంజింది.

"నువ్వు చెప్పేది నిజమేనని నాకెరుకనే. కూసో. గోడెనక ఏమైతదో ఇననియ్యి."

టబ్బు మీద నుంచి అతను అడిగాడు. "చెప్పాల్నా భావూ?"

చెప్పమన్నాను. ఆమె పక్కన నేల మీద కూర్చుని, చేతులకేదో పని ఉండాలని చాట నా ఒళ్లోకి లాక్కుని బియ్యం ఏరసాగాను. అన్నంలో మళ్లీ రాళ్లొచ్చాయి. ఈసారి ఏరింది నేనే.