ఈడే ఉండాములే

ఉడికిన వేరుశనక్కాయల వాసన ముక్కుకు తగలడం, బెంచీ ఖాళీగా కనబడడం ఒక్కసారే జరిగాయి. మంచినీళ్ళ సీసాల కోసం షాపులోకి వెళ్ళి వచ్చానంతే. ఈలోగా మా అమ్మా, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న నా పిల్లలిద్దరూ లేరు. అమ్మ ఫోను నా బ్యాగులోనే ఉంది.

అట్లాంటా నుంచి డ్రైవ్ చేసుకుంటూ, హైవే దిగి చూద్దామని వచ్చిన చిన్న ఊరది: గడియార స్తంభంతో పాత కోర్టు భవనం, ఇటుక గోడల షాపులు, మాగ్నోలియా చెట్ల వెనక తెల్లటి స్తంభాల ఇళ్ళు, వీధి చివర నది. అంతసేపూ హాయిగా అనిపించిన నిశ్శబ్దమే ఇప్పుడు భయపెట్టింది. నా కళ్ళు నది వైపే పోయాయి.

ఆ వాసన మాత్రం నన్ను కదిరి దగ్గరి మా వీధిలోకి లాక్కుపోయింది. వానలు తగ్గుముఖం పట్టాక, చేలో అప్పుడే పీకిన చెనిక్కాయలను ఎర్రమట్టి పోయేదాకా కడిగి, కల్లుప్పు వేసి డేక్సాలో ఉడకేస్తే, ఆ ఆవిరి వీధి వీధంతా కమ్ముకునేది. ఎదురింటి నాగమ్మవ్వ అరుగు మీద కూర్చుని, అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు ఆడించిందంటే మమ్మల్ని రమ్మని పిలుస్తున్నట్టే. ఆడుతున్న అచ్చంగిల్లాల రాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తి, కాయ కొరికి ఉప్పునీళ్ళు జుర్రి, తొక్కలు ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్ళం. పొద్దు వాలాక అమ్మ వాకిట్లో నిలబడి నా పేరు పెట్టి కేకేసేది. ఏదో ఒక ఇంట్లోంచి "ఈడే ఉండాదిలే!" అని జవాబొచ్చేది. ఎవరింట్లో అని కూడా అడగకుండా ఆమె లోపలికి పోయేది.

ఇప్పుడు ఈ అమెరికా ఊరి నడివీధిలో సిగ్గు విడిచి "అమ్మా!" అని కేకేశాను.

"ఈడే ఉండాములే!"

ఎదురుగా ఒక ఇంటి వరండాలో, నెరిసిన జుట్టు పెద్దావిడ ఒళ్ళో కాయల గిన్నె పెట్టుకుని ఊగే కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె పక్కన అమ్మ, మెట్ల మీద పిల్లలు, వాళ్ళ ఒళ్ళో తొక్కలు.

"తెలియనివాళ్ళ ఇంటికి ఎట్లా వచ్చావమ్మా?" అన్నాను, మెట్ల దాకా పరిగెత్తి.

"ఆయమ్మ రమ్మని చెయ్యూపింది గదమ్మే! పోకుంటే ఏమనుకుంటాది? రా, కూర్చో. ఉప్పు రోంత ఎక్కువైంది గానీ బాగుండాయి."

"నేను ఊరికే హలో అని చెయ్యి ఊపాను, హనీ," అంది పెద్దావిడ ఇంగ్లీషులో, నవ్వు ఆపుకుంటూ. "వీళ్ళు నేరుగా మెట్లెక్కి వచ్చేశారు. వచ్చాక పెట్టకుండా ఎలా ఉంటాను?"

"మమ్మీ, ఈ ఆంటీ పీనట్స్ వెట్‌గా ఉన్నై!" అంది నా కూతురు.

పెద్దావిడ అన్నది అమ్మకు చెప్పాను. "ఓయమ్మ! అయితే మేమే మీద పడినామా?" అని నోరు నొక్కుకుని, ఇంకో కాయ తీసుకుంది.

మా వీధిలో ఇప్పుడు అరుగులు లేవు, నాగమ్మవ్వా లేదు. ఇక్కడ మేముండే సబ్‌డివిజన్ కాలనీలో నేను కేకేస్తే వినడానికి ఒక్క తలుపూ తెరిచి ఉండదు. అందుకే తెలియనివాళ్ళ దగ్గరికి పోవద్దని పిల్లలకు రోజూ చెబుతాను. అయితే నిన్న ఆ పెద్దావిడ ఒళ్ళో చూసిన గిన్నె గుర్తొస్తే, ఆ మాట ఈ పొద్దున నా నోట రాలేదు.

"ఎవరైనా చెయ్యి ఊపితే ఏం చెయ్యాలి మమ్మీ?" అని టిఫిన్ దగ్గర నా కూతురే అడిగింది.

"మీరూ ఊపండి," అన్నాను. "మెట్లెక్కేముందు మాత్రం నన్ను పిలవండి, నేనూ వస్తాను. ఎప్పుడైనా నేను కేకేస్తే, ఎక్కడున్నా ఏమని పలకాలో అమ్మమ్మ దగ్గర నేర్చుకోండి."