చిటికెన వేలు ఎట్లుండాది?

మా గాజులమ్మ పోయిందని ఆళ్లగడ్డ నుంచి వదిన ఉత్తరం రాసింది. ఆ సంగతి ఉత్తరం మొదట్లో లేదు. చివర, చోటు చాలక అంచు మీద అడ్డంగా రాసిన రెండు వాక్యాల్లో ఉంది. నాలుగు రోజులు జ్వరమట. నంద్యాలలో అది నా చేతికందేసరికి ఆమెకు మట్టి ఇచ్చి పది రోజులైంది. కాలేజీ స్టాఫ్ రూములో చదివి, మడిచి, నా కుడి చెయ్యి వైపు చూసుకున్నాను. ఆ చెయ్యి ఇవాళ సుద్దముక్క పట్టుకుంటోందంటే అది ఆమె వల్లే.

నా చిన్నప్పటి నుంచీ ఆళ్లగడ్డలో మా వీధికి గాజులు తెచ్చేది ఆమే. భుజాన గాజుల మలారం, చంకలో చెక్కపెట్టె. అరుగు మీద కూర్చుని ముందు మన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పిసికేది. కణుపులు మెత్తబడితే గానీ గాజు ఎక్కించేది కాదు. "చెయ్యి నాకిడ్సిపెట్టు పాపా. నువ్వు బిగబట్టినావంటే పగిలేది గాజు, కోసుకునేది నువ్వు" అనేది.

డెబ్బైల్లో, లెక్చరరుగా చేరిన నాలుగైదేళ్లకు, నా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. తెల్లారేసరికి మంట, సూదులు గుచ్చినట్టు. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారి పడేది, పిల్లలు నవ్వేవాళ్లు. నేను చూపించుకున్న డాక్టరు మెడ నరమన్నాడు. మెడకు పట్టీ వేసుకుని, విటమిన్ సూదులు వేయించుకుంటూ మూడు నెలలు తిరిగాను. ఉద్యోగం వదులుకోవాల్సి వస్తుందేమోనన్న భయం ఎవరికీ చెప్పలేదు.

వదిన సీమంతానికి వెళ్లినప్పుడు గాజులమ్మ నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందీ, ఎద్దుకు పలుపు కట్టినట్ల మెడకా పట్టీ?"

"నరం నొప్పి గాజులమ్మా. చేతికి దిగుతోందంట."

"చిటికెన వేలు ఎట్లుండాది?"

మూడు నెలల్లో నన్నెవరూ అడగని ప్రశ్న. ఆలోచిస్తే చిటికెన వేలికి ఏమీ లేదు. బొటనవేలు, దాని పక్కవి రెండు, ఉంగరపు వేలిలో సగం. అంతే.

"అట్లయితే రోగం మెడలో లేదు. ఈడుండాది" అని మణికట్టు మధ్యలో నొక్కింది. వేళ్ల కొసల దాకా జివ్వుమంది. "గాజుకు సందు చాలకపోతే కంటికి కనపడతాది. లోపల నరం పోయే సందు ఇరుకైతే ఎవురికి కనపడతాది? నరానికి గాజు బిగిసింది పాపా. చిటికెన వేలి నరం వేరే దోవన పోతాది, అందుకే అది బాగుండాది."

"నీకెట్లా తెలుసు?"

"ముప్పై ఏండ్లుగా ఆడోళ్ల చేతులు పిసుకుతాండా. కర్నూల్లో నర్సు పనిచేసే ఆమె గాజులకొస్తే అడిగి తెలుసుకుంటి. నువ్వు బుక్కుల్లో సదివితివి, నేను చేతుల్లో సదివితి."

పెట్టెలోంచి పలుచని చెక్కబద్ద తీసి నా మణికట్టు కింద పెట్టి, పాత చీర పేలికతో కట్టి చూపించింది. పడుకునేటప్పుడు చెయ్యి వంగకుండా రోజూ అట్లా కట్టుకోమంది. బట్టలు పిండడం, రుబ్బడం కొన్నాళ్లు మానమంది. ఇంకో మాట కూడా చెప్పింది: "బొటనవేలి కింద కండ దిగిపోయిందంటే మాత్రం ఇది చెక్కతో పోయేది కాదు. పెద్దాసుపత్రికి పో. కోసి సందు ఎడల్పు చేస్తారు. ఆలస్యమైతే చేతిలో పట్టు పోతాది."

నేను నమ్మలేదు. నమ్మకుండానే కట్టుకున్నాను. నెలన్నరకు వేళ్లు తేరుకున్నాయి. విటమిన్ సూదులే ఆలస్యంగా పనిచేశాయేమోనని కూడా కొన్నాళ్లు అనుకున్నాను. ఆమె వల్ల తగ్గిందనడానికి నా చదువు అంత తొందరగా ఒప్పుకోలేదు.

ఆ రోజు వదిన కడుపులో ఉన్న పిల్ల పెద్దమనిషైనప్పుడు గాజులమ్మను మళ్లీ తీరిగ్గా చూశాను. అప్పటికి ముసలిదైపోయింది. పిల్లకు గాజు ఎక్కిస్తుంటే ఒకటి పగిలి ఆమె చూపుడు వేలే తెగింది. ఆమె ఆగలేదు, ఇంకో గాజు తీసుకుంది.

"అవ్వా, నెత్తురు" అంది పిల్ల.

"ఎవురిదే?" అంది గాజులమ్మ.

అందరూ నవ్వారు. నేను ఆమె బొటనవేలి కిందికి చూశాను. అక్కడ కండ లేదు, గుంట ఉంది.

అడగాల్సిన ప్రశ్న ఆ అరుగు మీద ఆమె కాక నా ఒక్కదానికే తెలుసు. బస్సు వేళవుతోంది, ఇంట్లో దిద్దాల్సిన పేపర్లున్నాయి. ఈసారి వచ్చినప్పుడు నేనే కర్నూలు తీసుకెళ్దామనుకున్నాను. మరుసటేడు, గాజు పట్టలేక ఆమె వ్యాపారం మానేసిందని వదిన చెప్పింది. నేను పిలిచినా వచ్చేది కాదేమో. అప్పటికే ఆలస్యమైందేమో. ఇవన్నీ నాకు నేను చెప్పుకునే మాటలేమో కూడా.

వ్యాపారం మానేసే ముందు రోజుల్లో ఆమెకో కొత్త అలవాటు వచ్చిందని పిల్లలు ఆటపట్టించేవాళ్లు. పిసకడం మానేసి, చిటికెన వేలు చాపి దాని కొసతో కణుపులు తడిమేది. "అవ్వ వీణ వాయిస్తాంది" అనేవాళ్లు. వదిన కూతురికి గాజులు ఎక్కించిన ఆ రోజు నేనూ నవ్వాను. ఆమె చేతిలో ఇంకా మెలకువగా ఉన్నది ఆ ఒక్క వేలేనని తెలిసి నవ్వానో, తెలియక నవ్వానో ఇప్పుడు చెప్పలేను. మా పిల్ల చెయ్యి ఆమె ఒళ్లో ఉంది. ఆ వేలు ఒక్కో కణుపు దగ్గరా ఆగి, తడిమి, గాజు పోయే దోవ వెతుకుతోంది.