చొక్కా చేతి కింద సోలార్ వాచీ

దారి చూపే వాచీలు కొనేవాళ్ళు మా వైపు కూడా పెరుగుతున్నారు. నా తప్పు ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

నేను ఆత్మకూరు లైబ్రరీలో చదువుకుని పైకొచ్చినవాణ్ణి. ఏ సందేహమొచ్చినా స్నేహితులు నన్నే అడిగేవాళ్ళు. ఉదయగిరి కొండల్లో బరువు సంచి వీపున వేసుకుని చెట్లు లెక్కబెట్టే మస్తాన్, ఫోన్లో రెండు జీపీఎస్ వాచీలు చూపించాడు.

"చదివినోడివి గదరా, ఏది కొనమంటావు?"

"సోలార్‌ది కొను. మన ఎండలకి చార్జింగ్ బాధే ఉండదు."

"పెద్ద బ్యాటరీ అని రెండోది కూడా బాగుండాదే."

"ఎండ ఊరికే వస్తుంటే బ్యాటరీ ఎందుకురా?" అన్నాను.

వాడు సోలార్‌దే కొన్నాడు. మూడు వారాల తర్వాత ఒంటరిగా కొండెక్కిన మస్తాన్ తిరిగి రాలేదు. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. మర్నాడు వెతకబోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దారి తప్పి, ఒక బండ పక్కన, ఖాళీ నీళ్ళ సీసాతో, ప్రాణం లేకుండా కనిపించాడు. ముళ్ళు గీరకుండా అడవి పనివాళ్ళు పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుంటారు. ఆ గుండీ విప్పితే వాచీ ఆగిపోయి ఉంది. దానికి ఎండే తగల్లేదు.

వాచీల గురించి అంత చదివినవాణ్ణి, వాడు ఏ చొక్కా వేసుకుంటాడో అడగలేదు.

మస్తాన్‌ను కిందికి మోసుకొచ్చిన రమణయ్యకు, జిలానీకి, పెంచలయ్యకు నా కృతజ్ఞతలు. అంతా చెప్పి తలవంచుకున్న నన్ను, "నువ్వు మంచికే చెప్పినావులే నాయనా" అని పక్కన కూర్చోబెట్టుకున్న మస్తాన్ వాళ్ళమ్మ బీబీజాన్‌కు కూడా.